ఊ కొట్టే మెదడు

మా అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. వేసవి రాత్రి, వాకిట్లో నులకమంచాలు, తలాపున మరచెంబులో నీళ్లు. ఆవిడ ఒక వాక్యం చెప్పి ఆగేది. మేం "ఊ" అంటేనే తర్వాతి వాక్యం. అయితే పిల్లల ఊ ఎంతసేపు నమ్మదగ్గది? కాసేపటికి కళ్లు మూతలు పడతాయి, నోరు మాత్రం అలవాటుకొద్దీ ఊ అంటూనే ఉంటుంది. అది పట్టుకోవడానికి అమ్మమ్మ దగ్గర ఒక ఉపాయం ఉండేది. గొంతు మార్చకుండా, అదే నడకలో, "అప్పుడు రాజుగారు ఏం చేశాడూ, ఏనుగుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు" అనేది. మెలకువగా ఉన్నవాడు చటుక్కున లేచి కూర్చునేవాడు. నిద్రలోకి జారినవాడు "ఊ" అనేవాడు. వాడికి దుప్పటి కప్పి మిగతావాళ్లకి కథ చెప్పేది.

1980లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు నాకు ఆ మడత ఏనుగే గుర్తొచ్చింది. శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్తా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొందరి తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, తెర మీద వాక్యాలు చూపించారు. వాక్యం మొత్తం ఒకేసారి కాదు, మాట తర్వాత మాట. కొన్ని వాక్యాలు సవ్యంగా ముగిసేవి. కొన్నిటిలో ఆఖరి మాట అర్థానికి అడ్డం తిరిగేది. వాళ్లవి ఇంగ్లీషు వాక్యాలు. మన వంటింటి మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: వేడి వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుని, పైన ఒక గరిటెడు... సిమెంటు వేసుకున్నాడు.

"గరిటెడు" దగ్గరికి వచ్చేసరికే మీ మనసు నెయ్యి గిన్నె దగ్గర నిలబడి ఉంది కదా. అక్కడ సిమెంటు కనబడగానే మెదడులో ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. ఆ మాట కనబడిన సుమారు 400 మిల్లీసెకన్లకి, అంటే అరసెకను కూడా కాకముందే, అది శిఖరానికి చేరుతుంది. రుణ దిశలో కనబడే తరంగం కాబట్టి, 400 దగ్గర వస్తుంది కాబట్టి, దానికి ఎన్400 అని పేరు పెట్టారు. ఇంకో సంగతి కూడా వాళ్లు జాగ్రత్తగా పరీక్షించారు. ఆఖరి మాట అర్థానికి సరిపోయేదే అయినా పెద్ద అక్షరాలతో చూపిస్తే ఏమవుతుంది? అప్పుడూ మెదడు ఉలిక్కిపడింది, కానీ అది వేరే తరంగం. అంటే ఎన్400 కేవలం ఆశ్చర్యం వల్ల వచ్చేది కాదు. అర్థం కోసం చాచిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చినప్పుడు కలిగే తడబాటు అది. నాలుగేళ్ల తర్వాత అదే ఇద్దరూ ఇంకొంచెం ముందుకెళ్లి, ఒక మాటను మనం ఎంత తక్కువగా ఊహిస్తే ఆ తరంగం అంత పెద్దదవుతుందని చూపించారు. అర్థం పూర్తిగా చెడక్కర్లేదు, ఊహ కొంచెం తప్పినా చాలు.

చదవడం అంటే కాగితం మీది అర్థాన్ని కళ్లతో లోపలికి లాక్కోవడం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఈ కొలతలు చెప్పేది వేరు. చదివేవాడు రాసినవాడి కంటే అర అడుగు ముందే నడుస్తుంటాడు, రాబోయే మాట కోసం చోటు సిద్ధం చేసుకుంటూ. ఆ చోటులో సరిపడే మాట వచ్చి కూర్చుంటే లోపల ఊ అంటాడు. రాకపోతే ఊ ఆగుతుంది. ప్రాస, పునరుక్తి, ఉపమ, వక్రోక్తి, ధ్వని అని మనం పేర్లు పెట్టుకున్న పనిముట్లన్నీ ఈ ఊ మీద పనిచేసేవే. కొన్ని దాన్ని ఆగకుండా నడిపిస్తాయి. కొన్ని కావాలని ఆపుతాయి. బడిలో అలంకారం అంటే లక్షణం, ఉదాహరణ, సమన్వయం, దానికిన్ని మార్కులు. అది చదివేవాడి ఒంట్లో ఏం చేస్తుందో ఆ పాఠంలో ఎక్కడా ఉండేది కాదు. అందుకే చాలామందికి అలంకారం అంటే నగ. నిజానికి అది మీట.

ఈ సిద్ధం చేసుకున్న చోటు ఎంత తొందరగా మారగలదో 2006లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. మాంటె న్యూలాండ్, యోస్ వాన్ బెర్కుమ్ అనేవాళ్లు ఒక చిన్న కథ చెప్పించారు. అందులో ఒక వేరుసెనగ గింజ. అది నవ్వుతూ గెంతులేస్తుంది, పాట పాడుతుంది, ఒక అమ్మాయిని చూసి మురిసిపోతుంది. మొదట్లో వింటున్నవాళ్ల మెదళ్లు తడబడ్డాయి. గింజ పాడటమేమిటి? నాలుగైదు వాక్యాలు గడిచేసరికి సర్దుకున్నాయి. చివర్లో "గింజ ప్రేమలో పడింది" అన్న అర్థం వచ్చే మాటకు తడబాటు లేదు. "గింజకు ఉప్పు పట్టించారు" అన్న మాటకే ఎన్400 పెద్దగా వచ్చింది! లోకంలో ఉప్పు వేసిన వేరుసెనగ గింజలే ఉంటాయి, ప్రేమించేవి ఉండవు. అయినా ఆరేడు వాక్యాల కథ జీవితమంతా పోగేసుకున్న జ్ఞానాన్ని పక్కకి జరిపేసింది. పంచతంత్రంలో నక్కలు రాజనీతి మాట్లాడినా, చందమామలో శవంలోని బేతాళుడు ప్రశ్నలడిగినా మనకి ఎందుకు ఎబ్బెట్టుగా ఉండదో ఇక్కడ తెలుస్తుంది. మెదడు ఊ కొట్టేది లోకాన్ని చూసి కాదు, అప్పటిదాకా విన్న కథను చూసి.

ఇక ఊ ఆగకుండా నడిపించే పనిముట్ల సంగతి.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల." దీన్నే ఇలా చెప్పి చూడండి: బురదలో దిగడం ఎందుకు, తర్వాత పాదాలు శుభ్రం చేసుకోవడం ఎందుకు. అర్థంలో వీసమెత్తు తేడా లేదు. కానీ మొదటిది పెద్దల మాటలా ఉంది, రెండోది ఎవరో విసుక్కుంటున్నట్టు ఉంది. అడుసు, కడగ అన్న చోట రెండో అక్షరాలు 'డ'కారంతో కలిశాయి. చివర 'నేల' 'నేల' అని మోగింది. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందన్న సామెతలోనూ అంతే, కూసే, మేసే. చాలా భాషలు పాదం చివర ప్రాస వెతుక్కుంటే, మన పద్యం రెండో అక్షరం దగ్గర పట్టుకుంటుంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ప్రాస. ఒక పాదం వినగానే తర్వాతి పాదంలో ఎక్కడ ఏ శబ్దం రావాలో చెవికి ముందే తెలిసిపోతుంది. తెలిసిన చోట తెలిసిన శబ్దం రాగానే ఊ.

ఆ ఊ శబ్దానికి కొట్టిందా, అర్థానికి కొట్టిందా? ఇక్కడే మనసు పొరబడుతుంది. 2000లో మాథ్యూ మెగ్లోన్, జెస్సికా తొఫీబక్ష్ అనే పరిశోధకులు అమెరికాలో పెద్దగా వాడుకలో లేని సామెతలు కొన్ని ఏరారు. కష్టాలు శత్రువుల్ని కలుపుతాయి అన్నటువంటివి. ఒక్కోదాన్ని ప్రాసతో ఉన్నట్టే ఒకసారి, ఒక మాట మార్చి ప్రాస చెడగొట్టి ఇంకోసారి రాశారు. ఇది మనుషుల తీరును ఎంత సరిగ్గా చెబుతోందని విద్యార్థుల్ని అడిగితే, ప్రాస ఉన్నవే ఎక్కువ నిజంగా అనిపించాయి. ప్రాస ఉంటే నిజమవుతుందని మీరు నమ్ముతారా అని అడిగితే మాత్రం నమ్మమన్నారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. నోటికి సులువుగా తిరిగిన మాట మనసుకి సులువుగా దిగుతుంది. సులువుగా దిగినదాన్ని మనసు నిజం ఖాతాలో వేసుకుంటుంది. మన సామెతల్లోనే దీనికి గట్టి సాక్ష్యం ఉంది. "ఆలస్యం అమృతం విషం" అంటే తల ఊపుతాం. "నిదానమే ప్రధానం" అన్నా తల ఊపుతాం. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకే మనిషి ఒకే రోజు రెండిటికీ ఊ కొట్టగలడు.

పునరుక్తి తెచ్చేదీ ఈ సులువునే, ఈ నునుపునే. 1977లో లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టీన్, థామస్ టొపీనో చేసిన ప్రయోగంలో విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడు సార్లు, ఒక్కోసారి 60 వాక్యాలు వినిపించారు. నిజాలూ అబద్ధాలూ కలిపిన లోకజ్ఞానం. వాటిలో 20 వాక్యాలు మాత్రం మూడుసార్లూ వచ్చాయి. ఆ ఇరవై మీద నమ్మకం ప్రతిసారీ పెరిగింది, అబద్ధాలైనా సరే. చదువుకున్నవాళ్లం, తెలిసిన విషయాల్లో మనం ఇలా మోసపోం అనుకుంటాం. 2015లో లీసా ఫాజియో బృందం దాన్నే పరీక్షించింది. వాళ్లు వాడిన అబద్ధాల్లో ఒకటి: స్కాట్లండ్ వాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల పొట్టి లంగాని చీర అంటారు. మనకి నవ్వొస్తుంది. సరైన జవాబులు తెలిసినవాళ్లకి కూడా, అలాంటి వాక్యాలు రెండోసారి కనబడేసరికి మొదటిసారికంటే కాస్త నిజంగా అనిపించాయి. తెలిసి ఉండటం కాపాడలేదు.

ఈ ఫలితం చదివాక నాకు కొన్ని రోజులు మనసు బాగాలేదు. చదువు చెబితే చాలు, మనుషులు అబద్ధానికి లొంగరని నమ్మి పెరిగినవాణ్ని. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని ఊరికే అనలేదు.

అయితే ఈ నునుపుని తిట్టి ఊరుకోలేం. మన భాష దాచుకున్న మంచి కూడా ఈ దారినే బతికి వచ్చింది. వేమన ఆటవెలదిలో నాలుగు పాదాలుంటే నాలుగోది దాదాపు ఎప్పుడూ మకుటమే. అంటే కొత్తగా వినవలసింది మూడు పాదాలు. నాలుగో పాదం చెప్పేవాడితో పాటు వినేవాడు కూడా అందుకుంటాడు, పద్యంలో పావు భాగం ముందే వాడిది. అక్షరం రాని కూలీ నోటా, పశువుల కాపరి నోటా ఆ పద్యాలు నడిచి వచ్చాయంటే, సి.పి. బ్రౌన్ వాటిని సేకరించి 1829లో అచ్చు వేయించేదాకా నిలిచాయంటే, అందులో ఆ మకుటం పాలు తక్కువేమీ కాదు. బుర్రకథలోనైతే ఊ కొట్టడాన్ని ఒక కొలువే చేశారు. నడుమ కథకుడు తంబూరాతో, అటూ ఇటూ ఇద్దరు వంతగాళ్లు డక్కీలతో. ఒకాయన హాస్యం, ఒకాయన రాజకీయం. జనం మనసులో లేవబోయే ప్రశ్నను వంతగాడు ముందే అడిగేస్తాడు, జనం అనబోయే ఊ తనే అనేస్తాడు. 1940ల్లో ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పినప్పుడు, కథకుడు షేక్ నాజర్ గొంతు విన్న జనం చలించారంటే అందులో ఈ కట్టుబాటు బలం ఉంది.

నునుపు నమ్మకంతో ఆగదు, ఒంటి మీదికి కూడా వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యూజెన్ వాసిలివిజ్కీ, విన్‌ఫ్రీడ్ మెనింగ్‌హౌస్ మరికొందరు 2017లో ప్రచురించిన పని చూడండి. జర్మన్ కవితలు చదివి వినిపిస్తూ, వింటున్నవాళ్ల చర్మాన్ని ఒక చిన్న కెమెరాతో చిత్రించారు. అందరూ ఎక్కడో ఒకచోట జలదరింపు కలిగిందన్నారు. దాదాపు 40 శాతం మందికి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కెమెరాకే దొరికింది. నాకు అంతకంటే విలువైనదిగా తోచింది ఆ జలదరింపు వచ్చిన చోటు. ఎక్కువగా పాదం చివర, చరణం చివర, కవిత చివర. అంటే ఎదురుచూసినది వచ్చి కూర్చునే చోట. మెదడులో సుఖం కోసం ఎదురుచూసే భాగం ఆ క్షణానికి కొన్ని సెకన్ల ముందే చురుకెక్కడం కూడా వాళ్లు చూశారు. ఇంకొకటి: జలదరించేటప్పుడు కనుబొమలు ముడివేసే కండరం బిగుసుకుంది. ముఖం బాధపడుతోంది, మనసు ఆనందిస్తోంది. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. లోపలి భావం నిజమైతేనే ఒంటి మీద కనబడేవి. కరుణ కూడా రసమే ఎందుకయిందని, ఏడుపులో ఆనందమేమిటని మన ఆలంకారికులు తరతరాలు వాదించుకున్నారు. ఆ కనుబొమల కండరాన్ని వాళ్లకి చూపించి ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

మీటలన్నీ ఇంత మోగవు. కొన్ని క్రియాపదంలో నక్కి ఉంటాయి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల సినిమా ముక్కలు ఏడు చూపించారు. తర్వాత, ఆ కార్లు ఎంత వేగంతో వెళుతున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మాత్రమే మనిషి మనిషికీ మార్చారు. ఒకరికి కార్లు తాకినప్పుడు అన్నారు, ఒకరికి కొట్టుకున్నప్పుడు, ఒకరికి నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు. తాకినప్పుడు అని విన్నవాళ్ల సగటు అంచనా గంటకు 31.8 మైళ్లు. నుజ్జయ్యేలా అని విన్నవాళ్లది 40.8. చూసినది ఒకటే సినిమా. తర్వాత 150 మందితో ఇంకో ప్రయోగం చేసి, వారం పోయాక పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. సినిమాలో గాజు పగలనే లేదు. నుజ్జయ్యేలా అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. కొట్టుకున్నప్పుడు అని విన్న 50 మందిలో ఏడుగురు. వేగం ప్రశ్న అసలు అడగని 50 మందిలో ఆరుగురు. ఒక క్రియాపదం మనిషి జ్ఞాపకంలో గాజు పెంకులు చల్లింది.

ఇప్పుడు మన పేపరు తెరవండి. తాకింది, తగిలింది, రాసుకుంటూ పోయింది, గుద్దింది, ఢీకొట్టింది, దూసుకెళ్లింది. మనకి ఉన్నన్ని క్రియలు వాళ్ల ప్రశ్నపత్రంలో లేవు. అంతకంటే సూక్ష్మమైనది ఇంకోటి ఉంది. "లారీ కింద పడి యువకుడి మృతి" అన్న శీర్షిక మనం ఎన్నిసార్లు చదివి ఉంటాం! ఆ వాక్యంలో పని చేసినవాడు యువకుడు, పడ్డాడు. లారీ ఒక స్థలం, గుంటలా, బావిలా. లారీ నడుపుతున్న మనిషి వాక్యంలోనే లేడు. తప్పు ఎవరిదో మనకి తెలియకపోవచ్చు, విలేకరికీ తెలియకపోవచ్చు. వాక్యం మాత్రం తీర్పు చెప్పేసింది, మనం ఊ అనేశాం.

ఇది పిల్లలకి పుట్టుకతో వచ్చినంత బాగా తెలుసు. వంటింట్లో చప్పుడైతే పరిగెత్తుకొచ్చి, "అమ్మా, గ్లాసు పగిలిందే" అంటాడు పిల్లాడు. పగలగొట్టానని ఏ పిల్లాడూ మొదటి మాటగా అనడు. విరిగింది, విరిచాను. చిరిగింది, చించాను. అంటుకుంది, అంటించాను. తెలుగులో ప్రతి ప్రమాదానికీ రెండు తలుపులున్నాయి, ఒకదాంట్లోంచి మనిషి కనబడతాడు, రెండోదాంట్లోంచి కనబడడు. 2010లో కేట్లిన్ ఫాసీ, లెరా బొరోడిట్స్కీ ఇంగ్లీషులో ఇదే జోడీని తూచి చూశారు. హోటల్లో ఒకావిడ వల్ల కొవ్వొత్తి మంట తగిలి చిన్న అగ్నిప్రమాదం జరిగిందని ఒక కథనం. ఒక ప్రతిలో ఆవిడ చేతిగుడ్డను అంటించింది అన్నట్టు, ఇంకో ప్రతిలో చేతిగుడ్డ అంటుకుంది అన్నట్టు రాశారు. అంటించింది అని చదివినవాళ్లు ఆమెను ఎక్కువ తప్పుపట్టారు, ఎక్కువ నష్టపరిహారం కట్టమన్నారు. ప్రత్యయం మారితే జరిమానా మారింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మన చేత తెలియకుండా ఊ అనిపించేవి. వీటికి ఎదురుగా, ఊ ఆపించి పని అప్పజెప్పే పనిముట్లున్నాయి. నా దృష్టిలో సాహిత్యం గొప్పతనమంతా వాటి దగ్గరే ఉంది.

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో, అవంతివర్మ కొలువులో ఉన్న ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాశాడు. చెప్పిన అర్థం కాక, చెప్పకుండా వినబడే అర్థమే కావ్యానికి ప్రాణమని ఆయన వాదం. దానికి మొదట్లోనే చూపిన ఉదాహరణ మన గోదావరి ఒడ్డుది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న ప్రాకృత గాథాసప్తశతి నుంచి తీసుకున్నది. అందులో ఒక స్త్రీ, పూలు కోసుకోవడానికి వస్తున్న ఒక భక్తుడితో మాట్లాడుతుంది. ఇక నువ్వు నిశ్చింతగా తిరగవచ్చు, నిన్ను భయపెట్టే ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసిందిలే అని ఆవిడ మాటల సారం. మాటల్లో ఉన్నది రమ్మనడమే. కానీ కుక్కకే జంకే మనిషి సింహం ఉన్న పొదల్లో అడుగు పెడతాడా? రావద్దని ఒక్క అక్షరం లేకుండా రావద్దంది. అంతటితో అయిపోలేదు. ఎందుకు వద్దంటోంది? ఆ పొదల్లో ఆవిడ ఎవరికోసమో ఎదురుచూస్తుంటుంది. ఈ సంగతి గాథలో ఎక్కడా లేదు. అది చదివేవాడి మనసులో మాత్రమే ఉంది.

ఇక్కడ చదివేవాడి మనసు మొదట "తిరగవచ్చు" దగ్గర ఊ అని, "సింహం" దగ్గర ఆగుతుంది. వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతుంది. రెండో నడకలో దొరికినదాన్ని ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. తనే తీసుకున్నదాన్ని మనిషి అంత తొందరగా వదలడు. కెనడాలో డేవిడ్ మియాల్, డాన్ కుయికెన్ 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, కథలో మాట మామూలు దారి తప్పిన వాక్యాల దగ్గర పాఠకులు నెమ్మదించారు, ఆ వాక్యాలే ఎక్కువ కదిలించాయన్నారు. వాళ్లు గడియారంతో కొలిచారు. ఆనందవర్ధనుడి దగ్గర గడియారం లేదు, సహృదయుడు ఉన్నాడు.

గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. అంతకుముందే బండారు అచ్చమాంబ కథలున్నా, చాలాకాలం దీన్నే మొదటి ఆధునిక తెలుగు కథ అన్నారు. ఆ వాదం అలా ఉంచి, అందులో ఊని ఎలా నడిపాడో చూడాలి. కథ మొదలయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది, గోపాలరావు ఇంటి తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. లోపలి నుంచి పలుకు లేదు. ఎక్కడి నుంచి వచ్చాడో, ఎందుకు ఆలస్యమైందో రచయిత తను చెప్పడు, అతని నోటితోనే కక్కిస్తాడు. తలుపు తోస్తే వస్తుంది. మంచం మీద భార్య కమలిని లేదు. అప్పటినుంచి మనకి ఒక ఖాళీ: ఆమె ఎక్కడ. భోగం మేళాలకి వెళుతున్నానని భర్త తలుపు దగ్గరే తనకు తానే ఒప్పుకున్నాడు. రచయిత ఒక్క మాట మందలించడు. బల్ల మీద కమలిని ఉత్తరం. అందులో సంబోధన దగ్గరే గోపాలరావు ఆగిపోతాడు. ప్రియా అని రాయవలసిన చోట అయ్యా అని ఉంది. భర్త మనసు సిద్ధం చేసుకున్న చోటులో వేరే మాట వచ్చి కూర్చుంది. కూటస్, హిల్యార్డ్ తరంగాన్ని కొలవడానికి డెబ్బై ఏళ్ల ముందే, విజయనగరంలో కూర్చుని ఒకాయన ఆ తడబాటుని ఒక పాత్ర గుండెల్లో రాశాడు.

అమ్మమ్మకి చదువు రాదు. ఆవిడకి ఎనభై దాటాక, చూపు కూడా ఆనకపోతే, మధ్యాహ్నాలు నేను చదివి వినిపించేవాణ్ని. ఇప్పుడు ఊ కొట్టే వంతు ఆవిడది. ఒకరోజు 'దిద్దుబాటు' మొదలుపెట్టాను. తలుపు దగ్గర ఊ అంది. ఖాళీ మంచం దగ్గర ఊ అనలేదు, కాళ్లు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి, నేను ఇంకా సగం చదవకముందే, బోసినోటితో నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నావ్ అమ్మమ్మా?"

"అది ఎక్కడికీ పోలేదురా. ఇంట్లోనే ఉంది."

"నీకెలా తెలుసు?"

"నిజంగా పోయేదయితే ఉత్తరాలు రాస్తా కూచుంటదా?"

నేను చదవడం కొనసాగించాను. గోపాలరావు పశ్చాత్తాపపడ్డాడు, ఆడవాళ్ల చదువు గురించీ తన తప్పు గురించీ బాధపడ్డాడు, చివరికి మంచం కింద నుంచి కమలిని నవ్వూ నగల చప్పుడూ వినబడ్డాయి. అమ్మమ్మ తల ఊపింది, తనకి రావలసినది తనకి వచ్చినట్టు. ముగింపు ముందే తెలిసిపోయినందుకు ఆవిడకి ఏమీ తగ్గలేదు. 2011లో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ కూడా కథ ముగింపు ముందే చెప్పేస్తే పాఠకులు ఆ కథను ఇంకాస్త ఎక్కువ ఇష్టపడ్డారని రాశారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దానికి ఎదురు ఫలితాలిచ్చాయి, ఆ లెక్క ఇంకా తేలలేదు. హరికథకు వెళ్లే జనానికి సీత ఎక్కడుందో మొదటినుంచీ తెలుసు.

పుస్తకం మూయబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆ 'అయ్యా' అని రాసిందే, అక్కడినుంచి ఇంకోసారి చదువు."

చదివాను. ఈసారి ఎక్కడా ఊ కొట్టలేదు.